ఇన్సులిన్ మాట వినని దేహం: నడివయస్సు స్త్రీల ఆరోగ్యం

స్త్రీల కార్యక్రమానికి వచ్చే ఉత్తరాలను చదవడం నా ఉద్యోగ ధర్మాలలో ఒకటి. పాటలు కోరేవారు, వంటకాలు వ్రాసి పంపేవారు, నాటకంలో కోడలి పాత్రకు అన్యాయం జరిగినదని కోపగించేవారు, అందరూ ఆ కట్టలో ఉంటారు. వారితోపాటు నలభైఅయిదు, యాభైఅయిదేళ్ళ నడుమనున్న సోదరీమణుల నుంచి మరొక రకం ఉత్తరాలు వస్తూ ఉంటవి. వాటి సారాంశం దాదాపు ఒక్కటే. "తిండి పెరగలేదు, పని తగ్గలేదు, అయినా నడుము లావెక్కుతున్నది. మధ్యాహ్నం భోజనం కాగానే కళ్ళు మూతలు పడుతున్నవి. మెడ వెనుక పట్టిన నలుపు ఎంత రుద్దినా వదలడం లేదు. ఇది వయస్సు మహిమేనా?" అని వారి ప్రశ్న.

చాలకాలం ఈ ఉత్తరాలను వైద్యుల ప్రసంగాల కొరకు వేరుగా తీసిపెట్టడమే నా పనిగా ఉండేది. రెండేళ్ళ క్రితం మా పెద్దక్క రక్తపరీక్ష కాగితం చేతికి వచ్చిన తరువాత వాటిని నేను చదివే తీరు మారినది. అక్కకు అప్పటికి నలభైతొమ్మిదేళ్ళు. ముట్లుడిగే వయస్సులో వచ్చే ఒళ్ళావిర్లకు, నిద్రలేమికి మందు అడుగుదామని వైద్యురాలి వద్దకు వెళ్ళినది. ఆమె రక్తపరీక్ష వ్రాసి ఇచ్చినది. పరగడుపున చక్కెర 118 ఉన్నది. అది మధుమేహం కాదు, ఆరోగ్యమూ కాదు. అక్క నమ్మలేదు. "షుగరు లావాటి వాళ్ళకు కదటే వచ్చేది? నేనేమంత బరువున్నానని?" అన్నది.

ఆమె ప్రశ్న న్యాయమైనదే. దానికి సమాధానం తెలియాలంటే ఇన్సులిన్ అనే పదార్థం ఏమి చేస్తుందో, శరీరం దాని మాట వినకపోతే ఏమవుతుందో ముందుగా తెలుసుకోవలసి ఉన్నది.

మనం తిన్న అన్నం, రొట్టె, ఇడ్లీ, పండు, చివరకు గ్లూకోజు అనే చక్కెరగా మారి రక్తంలో కలుస్తవి. ఆ చక్కెర రక్తంలో తిరుగుతూ ఉండిపోతే ప్రయోజనం లేదు. అది కండరాలలోకి, కాలేయంలోకి, ఇతర కణాలలోకి వెళ్ళి శక్తిగా ఖర్చు కావలె, లేదా నిలువగా చేరవలె. ఆ పని చేయండని కణాలకు కబురు చెప్పేది ఇన్సులిన్. కడుపు వెనుక భాగాన ఉన్న క్లోమగ్రంథి దీనిని తయారుచేసి, భోజనమైనప్పుడల్లా రక్తంలోకి వదులుతుంది. కణం ఆ కబురు వినగానే తన తలుపు తెరిచి గ్లూకోజును లోనికి తీసుకుంటుంది.

మన పాఠకులు రేడియో శ్రోతలు కాబట్టి ఆ భాషలోనే చెబుతాను. క్లోమగ్రంథి ప్రసార కేంద్రం. ఇన్సులిన్ ఆ కేంద్రం నుంచి వెలువడే వార్త. కణాలు శ్రోతలు. ఏ కారణం చేతనో శ్రోతకు చెముడు వచ్చినదనుకోండి. మామూలు ధ్వనితో చెబితే వినబడదు. అప్పుడు ధ్వని పెంచుతాము. మరికొంత చెముడు వస్తే మరికొంత పెంచుతాము. కణాలకు ఇన్సులిన్ మాట సరిగా వినబడకపోవడాన్నే వైద్యులు ఇన్సులిన్ నిరోధకత అంటారు. ఈ దశలో రక్తంలో చక్కెర ఏళ్ళ తరబడి మామూలుగానే ఉండవచ్చు. క్లోమగ్రంథి రెండింతలు, మూడింతలు శ్రమపడి, ఇన్సులిన్ ఎక్కువగా వదిలి, చక్కెరను అదుపులో ఉంచడమే అందుకు కారణం. పైకి అంతా సవ్యంగానే కనబడుతుంది, లోపల మాత్రం ధ్వని హెచ్చిపోతూ ఉంటుంది.

ఇక్కడ గమనించవలసిన సంగతి ఒకటి ఉన్నది. ఇంట్లో ఒక్కరికి చెముడు ఉంటే, వారి కొరకు పెంచిన ధ్వని చెముడు లేనివారి చెవులను కూడా బాధిస్తుంది. శరీరంలోనూ అంతే. చక్కెర విషయంలో కండరాలు ఇన్సులిన్ మాట వినడం మానినా, శరీరంలోని అన్ని భాగాలూ వినడం మానవు. మూత్రపిండాలు వింటూనే ఉంటవి, ఉప్పును బయటకు పోనీయక పట్టి ఉంచుతవి. రక్తపు పోటు పెరగడానికి అది ఒక దారి. అండాశయాలు వింటవి, పురుష హార్మోనులను అవసరానికి మించి తయారుచేస్తవి. చర్మం వింటుంది, మెడమీద, చంకలలో దళసరిగా నల్లబడుతుంది. కాలేయం సగం మాత్రమే వింటుంది. గ్లూకోజును తయారుచేయడం ఆపమన్న మాట దానికి వినబడదు, కొవ్వు తయారుచేయమన్న మాట మాత్రం చక్కగా వినబడుతుంది. అందువల్ల ఒకవంక పరగడుపు చక్కెర పెరుగుతుంది, మరొకవంక కాలేయానికి కొవ్వు పడుతుంది. కొవ్వుపట్టిన కాలేయం మద్యపానం చేసేవారికే వస్తుందన్న మాట నిజం కాదు. మద్యం ముట్టని గృహిణులకూ ఈ దారిన వస్తుంది.

చివరకు ఒకనాడు ప్రసార యంత్రమే అలసిపోతుంది. క్లోమగ్రంథిలో ఇన్సులిన్ తయారుచేసే కణాలు క్షీణించి, కావలసినంత ధ్వని ఇవ్వలేవు. అప్పుడు రక్తంలో చక్కెర పెరిగి మధుమేహం బయటపడుతుంది. మనం వ్యాధి మొదలైనదనుకునే రోజుకు అసలు కథ ఎన్నో ఏళ్ళు నడిచి ఉంటుంది.

ఈ సంగతి శాస్త్రజ్ఞులకు కూడా ఒక్కనాడు తెలియలేదు. 1921లో కెనడా దేశపు టొరాంటో నగరంలో బాంటింగ్, బెస్ట్ అనే ఇద్దరు ఇన్సులిన్‌ను వెలికితీసినారు. 1922 జనవరిలో పద్నాలుగేళ్ళ బాలునికి దానిని మొదటిసారిగా ఇచ్చినారు. అంతకుముందు చిన్న వయస్సులో మధుమేహం వస్తే అది మరణశాసనమే. ఇన్సులిన్ వచ్చిన తరువాత, మధుమేహం అంటే ఇన్సులిన్ లోపించడమేనని లోకమంతా అనుకున్నది. 1936లో లండనులో హిమ్స్‌వర్త్ అనే వైద్యుడు ఈ నమ్మకాన్ని ప్రశ్నించినాడు. రోగులకు చక్కెరను, ఇన్సులిన్‌ను కలిపి ఇచ్చి చూడగా, కొందరి దేహం ఇన్సులిన్‌కు చప్పున స్పందించినది, మరికొందరి దేహం చలించలేదు. రెండవ రకం వారిలో లోపం ఇన్సులిన్ పరిమాణంలో కాక, దానిని వినే శక్తిలో ఉన్నదని ఆయన చెప్పినాడు.

ఆ మాటను రుజువు చేయడానికి రక్తంలో ఇన్సులిన్ ఎంత ఉన్నదో కొలిచే సాధనం కావలె. అది అతిస్వల్ప పరిమాణంలో ఉంటుంది గనుక అప్పటి త్రాసులకు అందదు. న్యూయార్కులో రోజలిన్ యాలో అనే భౌతిక శాస్త్రవేత్త, సాలమన్ బెర్సన్ అనే వైద్యుడు కలిసి, రేడియోధార్మిక అయొడిన్ సహాయంతో ఆ కొలతను సాధించి, 1960 నాటికి లోకానికి తెలిపినారు. పెద్దవయస్సులో మధుమేహం వచ్చిన చాలమంది రక్తంలో ఇన్సులిన్ తక్కువగా లేదు, ఎక్కువగానే ఉన్నదని తేలినది. ఈ కొలత విధానానికి 1977లో యాలోకు నోబెల్ బహుమానం లభించినది. బెర్సన్ 1972లోనే కన్నుమూసినాడు. ఆ తరువాత 1988లో అమెరికాలో జెరాల్డ్ రీవెన్ అనే ఆచార్యుడు ఇన్సులిన్ నిరోధకత, హెచ్చు రక్తపు పోటు, రక్తంలో చెడు కొవ్వులు, గుండె జబ్బు, ఇవన్నీ ఒకే వేరు నుంచి వచ్చిన కొమ్మలని ప్రసంగించినాడు. ఇప్పుడు వైద్యులు ఆ కూటమిని మెటబాలిక్ సిండ్రోమ్ అంటున్నారు.

ఇక మన స్త్రీల సంగతికి వద్దాము. ఈ నిరోధకత స్త్రీపురుషులిద్దరికీ వచ్చేదే. అయితే స్త్రీ జీవితంలో అది తలుపు తట్టే సందర్భాలు కొన్ని ప్రత్యేకంగా ఉన్నవి.

మొదటిది యౌవనంలో. నెలసరి సరిగా రాకపోవడం, ముఖం మీద అవాంఛిత రోమాలు, మొటిమలు, అండాశయాలలో చిన్న చిన్న నీటిబుడగల వంటివి ఉండడం, వీటిని పి.సి.ఓ.ఎస్. అంటున్నారు. 1935లో షికాగో వైద్యులు స్టైన్, లెవెంతాల్ అనువారు దీనిని వర్ణించినారు. ఈ లక్షణాలున్న చాలమంది యువతులలో ఇన్సులిన్ నిరోధకత ఉన్నదని తరువాత తెలిసినది. పెళ్ళి అయి పిల్లలు పుట్టగానే ఆ సంగతి మరచిపోతారు. నడివయస్సులో అదే మరొక రూపంలో ఎదురు వస్తుంది.

రెండవది గర్భం ధరించినప్పుడు. గర్భిణి దేహంలో మాయ విడుదలచేసే హార్మోనుల వల్ల ఇన్సులిన్ పట్ల కొంత చెముడు సహజంగానే ఏర్పడుతుంది. బిడ్డకు చక్కెర సమృద్ధిగా అందడానికి ప్రకృతి చేసిన ఏర్పాటు అది. క్లోమగ్రంథికి శక్తి చాలినవారు దానిని తట్టుకుంటారు, చాలనివారికి గర్భిణీ మధుమేహం వస్తుంది. ప్రసవం కాగానే చక్కెర తగ్గిపోతుంది. తగ్గినది గదా అని ఇంటిల్లిపాదీ ఊరట చెందుతారు. కాని అది తీరిపోయిన వ్యాధి కాదు, ముందుగా అందిన హెచ్చరిక. గర్భిణీ మధుమేహం వచ్చిన స్త్రీకి తరువాతి జీవితంలో మధుమేహం వచ్చే అవకాశం, అది రానివారితో పోల్చితే సుమారు ఏడు రెట్లు ఎక్కువని అనేక పరిశోధనలను క్రోడీకరించి 2009లో ప్రకటించినారు.

మా అక్క కథలో నాకు మనస్తాపం కలిగించిన ఘట్టం ఇదే. ఆమె రెండవ కాన్పులో "కొంచెం షుగరు ఉన్నది, తీపి తగ్గించండి" అని వైద్యులు చెప్పినారు. మా అమ్మ తీపి మాన్పించినది. ప్రసవమైన తరువాత పరీక్ష చేస్తే మామూలుగానే ఉన్నది. సంతోషించి, మినప సున్నుండలు చేసి పెట్టినాము. ఆ తరువాత ఇరవైమూడేళ్ళపాటు మాలో ఒక్కరమూ మళ్ళీ ఆ పరీక్ష సంగతి తలపెట్టలేదు. పిల్లల టీకాల తేదీలు ఆమె కంఠతా చెప్పగలదు. బావగారి రక్తపు పోటు మాత్రలు ఏనాడు అయిపోతవో ఆమెకు తెలుసు. తనకు సంబంధించిన ఆ ఒక్క హెచ్చరిక మాత్రం ఆమెకూ గుర్తులేదు, మాకూ గుర్తులేదు.

మూడవ సందర్భం ముట్లుడిగే కాలం. మన దేశంలో ఇది సాధారణంగా నలభైఆరు, నలభైఏడేళ్ళ ప్రాంతంలో వస్తుంది. అండాశయాల నుంచి వచ్చే ఈస్ట్రోజెన్ అనే హార్మోను అప్పటివరకు స్త్రీ దేహంలో కొవ్వును తుంటి, తొడల భాగంలో చేర్చి ఉంచుతుంది. అక్కడి కొవ్వు పెద్దగా అపకారం చేయదు. ఈస్ట్రోజెన్ తగ్గిపోగానే కొవ్వు పొట్టలోకి, పేగుల చుట్టూ, కాలేయంలోకి మకాం మారుస్తుంది. ఇన్సులిన్ పట్ల చెముడు పెంచడంలో ఈ లోపలి కొవ్వు అందెవేసిన చేయి. ఇదే వయస్సులో కండరాలు సన్నగిల్లడం మొదలవుతుంది. భోజనం తరువాత రక్తంలోని చక్కెరలో అధికభాగం తీసుకునేవి కండరాలే. అవి తగ్గితే చక్కెరకు పోయేచోటు తగ్గుతుంది. దానికి తోడు ఒళ్ళావిర్లతో నిద్ర చెడిపోతుంది. నిద్ర తక్కువైనా నిరోధకత పెరుగుతుంది. బరువు తూచే యంత్రం మీద ముల్లు కదలకపోయినా లోపలి పంపకం మారిపోతుంది. "తిండి పెరగలేదు, నడుము పెరిగినది" అన్న ఉత్తరాలకు సమాధానం ఇదే.

మన ప్రాంతానికి సంబంధించిన మరొక విషయం ఇక్కడ మనవి చేయవలె. గర్భసంచి తొలగించే శస్త్రచికిత్స చేయించుకున్న స్త్రీల నిష్పత్తి ఆంధ్రప్రదేశ్, తెలంగాణలలో దేశపు సగటు కన్న చాల ఎక్కువగా ఉన్నదని 2015-16 నాటి జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో తేలినది. నలభైఏళ్ళు నిండకముందే చేయించుకున్నవారూ వారిలో ఉన్నారు. గర్భసంచితోపాటు అండాశయాలను కూడా తొలగిస్తే, ఏళ్ళమీద మెల్లగా తగ్గవలసిన ఈస్ట్రోజెన్ ఒక్కసారిగా పడిపోతుంది. శస్త్రచికిత్స అవసరమైనవారికి అది ప్రాణరక్షణే. కాని "పిల్లలు పుట్టినారు గదా, ఇక ఆ సంచి ఎందుకు?" అన్న మాటకు లొంగి చేయించుకోరాదు. చేయించుకున్నవారు తమకు అండాశయాలు ఉంచినారో తీసినారో తెలుసుకుని ఉండవలె. చక్కెర, రక్తపు పోటు పరీక్షలు ముందునుంచే ప్రారంభించవలె.

ఇప్పుడు అక్క ప్రశ్నకు సమాధానం చెప్పవచ్చు. లావుగా లేనివారికి ఇది ఎందుకు వస్తుంది? పూనా నగరంలో పరిశోధనలు చేసిన డాక్టర్ యాజ్ఞిక్, లండను వైద్యుడు డాక్టర్ యుడ్కిన్, 2004లో తమ ఇద్దరి ఛాయాచిత్రాన్ని పక్కపక్కన ప్రచురించినారు. ఎత్తుకు తగిన బరువును లెక్కించే సూచిక ఇద్దరికీ సమానంగా 22.3 ఉన్నది. చూడడానికి ఇద్దరూ సన్ననివారే. కాని దేహంలో కొవ్వు ఎంత ఉన్నదో కొలిస్తే యుడ్కిన్‌కు నూటికి 9.1 పాళ్ళు, యాజ్ఞిక్‌కు 21.2 పాళ్ళు ఉన్నది. పైకి సన్నగా కనబడి లోపల కొవ్వు దాచుకునే దేహం భారతీయులలో సాధారణం. కాబట్టి మనకు బరువు కన్న నడుము కొలత నమ్మదగిన సాక్షి. దక్షిణాసియా స్త్రీలకు నడుము చుట్టుకొలత 80 సెంటీమీటర్లు, పురుషులకు 90 సెంటీమీటర్లు దాటితే జాగ్రత్త పడవలెనని అంతర్జాతీయ మధుమేహ సమాఖ్య నిర్ణయించినది. దీనికి ఆసుపత్రి అక్కరలేదు. కుట్టుమిషను సొరుగులోని టేపు చాలును. చివరి ప్రక్కటెముకకు, తుంటి ఎముకకు నడిమధ్యన, ఊపిరి వదిలిన తరువాత, పొట్ట బిగించకుండా కొలవవలె.

ఈ నిరోధకతను ఉపేక్షిస్తే వచ్చే నష్టాలలో మధుమేహం ఒక్కటి మాత్రమే. ముట్లుడిగేవరకు స్త్రీకి గుండె జబ్బు విషయంలో పురుషుని కన్న కొంత రక్షణ ఉంటుంది. మధుమేహం వస్తే ఆ రక్షణ చాలవరకు హరించిపోతుంది. స్త్రీలలో గుండెపోటు ఎప్పుడూ ఎడమ రొమ్ములో నొప్పిగానే రాదు. ఆయాసం, విపరీతమైన అలసట, దవడలోనో వీపులోనో నొప్పి, వాంతి, ఈ రూపాలలోనూ వస్తుంది. వంటగది వేడికి వచ్చిన నీరసమని సరిపెట్టుకున్నందువల్ల విలువైన కాలం పోతుంది. మరొక ముఖ్యమైన మాట. పొట్టలోని అధిక కొవ్వు, హెచ్చిన ఇన్సులిన్, మధుమేహం ఉన్న స్త్రీలలో గర్భాశయపు లోపలి పొరకు క్యాన్సరు వచ్చే అవకాశం ఎక్కువ. ముట్లు పూర్తిగా ఆగి ఏడాది దాటిన తరువాత ఒక్క చుక్క రక్తస్రావం కనిపించినా సిగ్గుపడక వైద్యురాలికి చూపించుకోవలె. "మళ్ళీ వచ్చిందిలే" అని ఊరుకోరాదు.

పరీక్షల గురించి కొంత తెలుసుకుందాము. పరగడుపున రక్తంలో చక్కెర 100 కన్న తక్కువ ఉంటే ఆరోగ్యం, 126, అంతకు మించితే మధుమేహం. 100 నుంచి 125 వరకు ఉన్నది నడిమి స్థితి. మూడునెలల సగటును తెలిపే హెచ్‌బీఏ1సీ పరీక్షలో 5.7 కన్న తక్కువ ఆరోగ్యం, 6.5, అంతకు మించితే మధుమేహం, నడుమ ఉన్నది హెచ్చరిక. అయితే రక్తహీనత ఉన్నవారిలో ఈ రెండవ పరీక్ష దారి తప్పించవచ్చు. మన స్త్రీలలో రక్తహీనత ఎంత సాధారణమో వేరుగా చెప్పనక్కరలేదు. కాబట్టి రక్తహీనత ఉన్న సంగతి వైద్యునికి ముందే చెప్పవలె. ఇన్సులిన్‌నే కొలిపించుకోవాలా అని కొందరు అడుగుతారు. సామాన్యంగా అవసరం లేదు. చక్కెర, నడుము కొలత, రక్తపు పోటు, రక్తంలోని కొవ్వులు, ఈ నాలుగూ చూస్తే వైద్యునికి సంగతి బోధపడుతుంది. గర్భిణీ మధుమేహం వచ్చినవారు ప్రసవానంతరం ఆరునుంచి పన్నెండు వారాలలో ఒకసారి, ఆ తరువాత ఒకటి నుంచి మూడేళ్ళకొకసారి జీవితాంతం పరీక్ష చేయించుకుంటూ ఉండవలె.

ఈ నడిమి స్థితిలో ఉన్నవారు ఎందరు? భారత వైద్య పరిశోధనా మండలి తోడ్పాటుతో జరిగిన దేశవ్యాప్త సర్వే ఫలితాలు 2023లో వెలువడినవి. మధుమేహం ఉన్నవారు 10 కోట్ల 10 లక్షలని, నడిమి స్థితిలో ఉన్నవారు 13 కోట్ల 60 లక్షలని అందులో అంచనా వేసినారు. గడప దాటినవారి కన్న గడప మీద నిలిచినవారే ఎక్కువన్న మాట.

గడప మీద నిలిచినవారు వెనుకకు రావచ్చునా? రావచ్చునని గట్టి నిదర్శనాలున్నవి. అమెరికాలో మూడువేల పైచిలుకు మందిపై జరిపిన పరిశోధన ఫలితాలు 2002లో ప్రకటించినారు. వారానికి 150 నిమిషాల నడక, బరువులో నూటికి ఏడుపాళ్ళ తగ్గింపు, ఈ రెండే లక్ష్యాలు. ఆ బాట పట్టినవారిలో మధుమేహం వచ్చే అవకాశం నూటికి 58 పాళ్ళు తగ్గినది. మెట్‌ఫార్మిన్ మాత్రలు మాత్రమే వేసుకున్నవారిలో 31 పాళ్ళు తగ్గినది. మన పొరుగున చెన్నపట్నంలో డాక్టర్ రామచంద్రన్ బృందం భారతీయులపై జరిపిన పరిశోధన 2006లో వెలువడినది. అందులో ఆహార వ్యాయామాల వల్ల ఆ అవకాశం నూటికి 28.5 పాళ్ళు తగ్గినది, మాత్ర వల్లనూ ఇంచుమించు అంతే తగ్గినది. రెండూ కలిపినా అదనపు లాభం కనబడలేదు. మన దేహతత్త్వం మరికొంత మొండిదని దీనినిబట్టి గ్రహించవచ్చు. మొండిదైనా మాట వినడానికి సిద్ధంగానే ఉన్నదని కూడ గ్రహించవలె.

నడకకు ఇంతటి మహిమ ఎక్కడిది? కండరం పనిచేస్తున్నప్పుడు ఇన్సులిన్ కబురు కొరకు కాచుకొని ఉండదు, తన అవసరానికి తానే తలుపు తెరిచి గ్లూకోజును లోనికి లాగుకుంటుంది. చెవిటి శ్రోతకు దొడ్డిదారిన వార్త చేర్చినట్లు. అందుకనే భోజనమైన తరువాత పది, పదిహేను నిమిషాలు నడిచినా చక్కెర అంతగా పైకెగబ్రాకదు. "ఇంటిపని అంతా నేనే చేస్తున్నాను, వేరే వ్యాయామం ఎందుకు?" అని అడిగే సోదరీమణులున్నారు. ఇంటిపని గొప్పదే. కాని మిక్సీ, గ్యాసుపొయ్యి, కుళాయి వచ్చిన తరువాత అందులో చాలభాగం నిలబడి చేసే పనిగా మారినది. గుండె వేగం కొంచెం హెచ్చేటట్లు, మాటలాడగలిగి పాట పాడలేనంత చురుకుగా, వారానికి అయిదురోజులు అరగంట నడవవలె. వారానికి రెండుసార్లు కండరాలకు బలమిచ్చే పని కూడా కావలె. చేతులు ఊనకుండా కుర్చీలోనుంచి పదిసార్లు లేచి కూర్చోవడం, గోడకు చేతులాన్చి దేహాన్ని ముందుకు వెనుకకు నెట్టడం, నీళ్ళసీసాలు ఎత్తి దించడం, ఇవన్నీ ఇంట్లో చేయదగినవే.

భోజనం విషయంలో అన్నాన్ని శత్రువుగా చూడనక్కరలేదు. విస్తరిలో దాని స్థానాన్ని సరిదిద్దుకుంటే చాలును. సగభాగం బీర, సొర, వంకాయ, గోరుచిక్కుడు, తోటకూర వంటి కూరలు, పావుభాగం పప్పు, గ్రుడ్డు లేదా చేప, మిగిలిన పావుభాగం అన్నం. మన ఇండ్లలో సాధారణంగా ఈ లెక్క తలక్రిందులుగా ఉంటుంది. అన్నం గుట్టగా, కూర నంజుకు. అన్నం మాని నాలుగు చపాతీలు తింటే గెలిచినట్లు కాదు, అదీ పిండిపదార్థమే. జొన్నరొట్టె, కొర్రన్నం మంచివే. రాగిని పలచని జావగా కాచి గ్లాసులకొద్దీ త్రాగితే మాత్రం త్వరగానే చక్కెరగా మారుతుంది. బెల్లం, తేనె కూడ చక్కెరలే. పండు తినడం వేరు, పండ్లరసం త్రాగడం వేరు. కాకరరసం, మెంతులు ఆహారంగా తీసుకుంటే అభ్యంతరం లేదు, మందుకు బదులుగా తీసుకుంటే ప్రమాదం. ఏకాదశి, కార్తీక సోమవారాల ఉపవాసాలు ఉండేవారు, మందులు వాడుతూ ఉంటే వైద్యుని అడిగి ఉండవలె. పగలంతా పస్తుండి సాయంకాలం సగ్గుబియ్యం పాయసంతో విరమిస్తే దేహానికి మేలు జరగదు.

ఇంతకన్న చెప్పవలసినది మరొకటి ఉన్నది. మన ఇండ్లలో ఇల్లాలు అందరికన్న చివర తింటుంది. మగవారు, పిల్లలు తిన్న తరువాత కూర గిన్నె అడుగంటి ఉంటుంది, అన్నం మిగిలి ఉంటుంది. పారవేయడానికి చేతులు రావు. ఆ మిగిలిన అన్నం పులుసుతోనో, చారుతోనో ఆమె కడుపులోకి చేరుతుంది. రాత్రి పదిగంటలకు తిని, వెంటనే పడుకుంటుంది. ఇన్సులిన్ నిరోధకతకు ఇంతకన్న అనుకూలమైన ఏర్పాటు కోరి చేసుకున్నా కుదరదు. కాబట్టి ఈ ప్రసంగం స్త్రీలకు మాత్రమే కాదు. ఈ పత్రిక తిరగవేస్తున్న గృహస్థులకు, పిల్లలకు కూడా నా మనవి: అందరూ కలిసి ఒకేసారి, కొంచెం పెందరాళే భోంచేయండి. కూర ముందుగా ఆమె విస్తరిలో వడ్డించండి. సాయంకాలం అరగంట ఆమె నడకకు వెళ్ళినప్పుడు పొయ్యి దగ్గర పని మీరు చూడండి. ఇందుకు ఖర్చు లేదు.

అక్క సంగతి చెప్పి ముగిస్తాను. వైద్యురాలు ఆమెకు మందు వెంటనే వ్రాయలేదు, ఆరు నెలలు గడువిచ్చినది. మొదటి నెల అక్క నడవలేదు. రెండవ నెలలో బావగారు తోడుగా బయలుదేరినారు. కాఫీలో పంచదార ఆమె పూర్తిగా మానలేకపోయినది, మూడు చెంచాలు ఒకటికి దిగినది. ఆరునెలలకు నడుము నాలుగు సెంటీమీటర్లు తగ్గి, చక్కెర 118 నుంచి 106కు వచ్చినది. గడప మీదనే ఉన్నది, అయితే ముఖం ఇంటివైపు తిరిగినది. అందరికీ ఇంతమాత్రమైనా తగ్గుతుందని చెప్పలేను. కొందరికి ఎంత నియమంగా ఉన్నా మందు అవసరమవుతుంది. మందు వేసుకోవడం ఓటమి కాదు.

అక్క కూతురికి మొన్న సీమంతం జరిగినది. వచ్చిన ముత్తయిదువలకు పసుపుకుంకుమలు ఇచ్చి పంపిన తరువాత, అక్క కూతురిని పక్కన కూర్చోబెట్టుకుని, "గ్లూకోజు త్రాగించి చేసే పరీక్ష అయినదా? కాగితం ఎక్కడ పెట్టినావు? కాన్పు అయిన తరువాత కూడ అది పారవేయకు" అన్నది. ఆనాడు మేమెవ్వరమూ ఆమెతో అనని మాట అది. మీ ఇంట ఇటువంటి కాగితం ఏ బీరువా అడుగునో ఉండి ఉంటే, ఈ పత్రిక ప్రక్కన పెట్టి ఇప్పుడే వెదకండి.